గట్టి గింజలు, తాలు గింజలు

"మోనోలిథిక్ కెర్నెలుకును, మైక్రోకెర్నెలుకును గల భేదములను వివరింపుము" - ఈ ప్రశ్నను కంప్యూటరు శాఖలో చదివే ప్రతివాడూ ఏదో ఒక సెమిస్టరులో ఎదుర్కొన్నవాడే. కాగితం మధ్యన గీత గీసి, ఎడమ పక్క ఆరు పాయింట్లు, కుడి పక్క ఆరు పాయింట్లు రాసి, పదికి ఏడు మార్కులు తెచ్చుకుని మనమంతా గట్టెక్కాం. ఆ పట్టికలో ఎప్పుడూ మైక్రోకెర్నెలే గెలుస్తుంది. అది భద్రం, శుభ్రం, ఒక భాగం కూలినా మిగతావి నిలుస్తాయి. కాని మన జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో నడిచేది మోనోలిథిక్ లినక్సు. లోకంలోని 500 మహా కంప్యూటర్ల జాబితా తీస్తే, 2017 నవంబరు నుంచీ 500కి 500 అదే లినక్సు. మరి పుస్తకం అబద్ధం చెప్పిందా, లోకం పొరబడిందా? రెండూ కావని నా అభిప్రాయం. పుస్తకం ఒక ప్రశ్నకు జవాబు చెబుతోంది, లోకం ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పింది.

ఈ సంచికను తెలుగు శాఖ మిత్రులూ, కామర్సు మిత్రులూ కూడా చదువుతారు గనక ముందు ఒక్క మాట. కెర్నెలంటే గింజలోని పప్పు. కంప్యూటరులో అది యంత్రానికీ, తక్కిన ప్రోగ్రాములకూ మధ్య కూర్చునే పెద్ద ప్రోగ్రాము. మెమరీ ఎవరికెంత, ప్రాసెసరు వంతు ఎవరిది, డిస్కు మీద రాసేదెవరు అన్నీ అదే తేలుస్తుంది. దానికి లేని హక్కు లేదు. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఒక్కటే చస్తుంది. కెర్నెలులో తప్పు జరిగితే యంత్రమే కూలబడుతుంది. 2024 జూలై 19న జరిగింది గుర్తుండే ఉంటుంది. విండోస్ కెర్నెలు లోపల కూర్చునే ఒక రక్షణ సాఫ్టువేరుకు తప్పుడు అప్‌డేటు వెళ్ళింది. సుమారు 85 లక్షల యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు! విండోస్ ఓపెన్ సోర్సు కాదు, ఈ వ్యాసానికి అది బయటిదే. కాని పప్పులో పురుగు పడితే ఏమవుతుందో సామాన్యుడికి సైతం ఆ రోజున తెలిసింది.

మైక్రోకెర్నెలు వాదులు చెప్పేదీ ఇదే. కెర్నెలును బహు చిన్నదిగా ఉంచండి, డ్రైవర్లనూ ఫైలు సిస్టమునూ నెట్‌వర్కునూ బయటికి నెట్టి మామూలు ప్రోగ్రాముల్లా నడపండి, ఒకటి చచ్చినా ఇంకొకదాన్ని లేపుకోవచ్చు అంటారు. మోనోలిథిక్ వాదులు మాత్రం అన్నీ ఒకే కప్పు కింద ఉంటే పని చకచకా సాగుతుంది, మాటిమాటికీ గుమ్మం దాటి కబురంపుకోవలసిన పని లేదంటారు. 1992 జనవరిలో ఈ రెండు పక్షాలూ బహిరంగంగా తలపడ్డాయి. ఒక పక్క ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసరు ఆండ్రూ టానెన్‌బామ్, క్లాసులో పాఠం చెప్పడానికి 1987లో మినిక్సు రాసినవాడు. ఇంకో పక్క హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, అప్పటికి 22 ఏళ్ళవాడు. లినక్సు పుట్టుకతోనే పాతబడిందని ప్రొఫెసరు తేల్చేశారు. 1991లో మోనోలిథిక్ కెర్నెలు రాయడం వెనక్కి నడవడమేననీ, అదీ ఇంటెల్ 386 చిప్పుకు అతుక్కుపోయిందనీ ఆయన అభ్యంతరం. కుర్రవాడు తగ్గలేదు. ఆ కుర్రవాడే 1997లో, లినక్సును ఎన్ని రకాల యంత్రాలమీదికైనా తీసుకుపోవచ్చునన్న విషయం మీద ఎమ్మెస్సీ థీసిస్ రాసి పట్టా పుచ్చుకున్నాడు. అంటే ప్రొఫెసరుగారి విమర్శల్లో ఒకదాన్ని మనసులో పెట్టుకుని సరిదిద్దుకున్నాడన్నమాట. విమర్శ అలా పనికి రావాలి.

ఇక్కడ ఆగి హర్డు కథ చెప్పాలి. నా దృష్టిలో అన్నిటికన్న నేర్చుకోదగ్గ కథ అదే.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమం ప్రకటించాడు. ఎవరైనా చదవగల, మార్చగల, పంచుకోగల పూర్తి ఆపరేటింగ్ సిస్టమును తయారు చేయడం ఆయన సంకల్పం. ఏడేళ్ళలో కంపైలరు వచ్చింది, ఎడిటరు వచ్చింది, కావలసిన పనిముట్లన్నీ వచ్చాయి. పెళ్ళికి అన్నీ సిద్ధమై పెళ్ళికొడుకు రాలేదన్నట్టు, కెర్నెలు ఒక్కటే లేదు. 1990లో హర్డు మొదలుపెట్టారు. అది కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టిన మాక్ అనే మైక్రోకెర్నెలు మీద నిలబడాలి, దాని పైన ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరు ఉండాలి. ఊహ ఎంత అందమైనదో చెప్పలేను! మామూలు యూజరు కూడా అడ్మినిస్ట్రేటరును బతిమాలకుండా తన సొంత ఫైలు సిస్టమును తగిలించుకోవచ్చు. ఆ స్వేచ్ఛ యూనిక్సులో లేదు. కాని ఆచరణలో ఏం జరిగింది? అన్ని సర్వర్లూ ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ ఒకేసారి నడుస్తూంటే, తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం తలకు మించిన పనైంది. ఆ డిజైను వల్లనే ఆలస్యమైందని స్టాల్‌మన్ కూడా తరవాత ఒప్పుకున్నాడు. మధ్యలో మాక్‌ను వదిలి ఎల్4 మీదికి మార్చాలని కొందరు ప్రయత్నించి, అదీ మధ్యలోనే మానేశారు. 2016 డిసెంబరులో హర్డు వెర్షను 0.9 వెలువడింది. ఒకటికి ఇంకా రాలేదు! 2025లో కూడా డెబియన్ వాళ్ళు హర్డు మీద నడిచే పంపిణీని విడుదల చేశారు, ముచ్చటగానే ఉంది. కాని ముప్పై ఐదేళ్ళ తరవాత కూడా అది ముచ్చటే గాని జీవనోపాధి కాదు.

ఇందులోంచి మైక్రోకెర్నెలు చెడ్డదని తీర్మానించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వయసు చూస్తే హర్డు లినక్సు కన్న ఏడాది పెద్దది. మేధస్సు చూస్తే తక్కువ తినలేదు. హర్డుకు లేనిది వాడేవాడు. వాడేవాడు లేకపోతే "నా ప్రింటరు పని చెయ్యడంలేదు" అని గోల చేసేవాడు ఉండడు. గోల లేకపోతే డ్రైవరు రాసేవాడు పుట్టడు. డ్రైవరు లేకపోతే వాడేవాడు రాడు. లినక్సు 0.01 సుమారు పది వేల పంక్తుల ముద్ద, అందగత్తేమీ కాదు. కాని దాన్ని జనం చేతికి ఇచ్చేశారు. తప్పులు దిద్దినవాడి దిద్దుబాటును ఆ వారంలోనే కలిపేసుకున్నారు. గ్నూవాళ్ళు కెర్నెలు కోసం ఎదురు చూస్తూంటే, లినక్సు వచ్చి గ్నూ పనిముట్లన్నిటినీ పెట్టుకుని కాపురం మొదలుపెట్టింది. 1992లో గ్నూ లైసెన్సునే పుచ్చుకుంది కూడాను.

అయితే లినక్సు గెలుపంతా స్వయంకృషే అనుకోవద్దు. అదృష్టం కూడా ఉంది, దాని పేరు కోర్టు కేసు. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీవాళ్ళ బీఎస్‌డీ యూనిక్సు 1970ల నుంచీ ఉన్నది, ఇంటర్‌నెట్టుకు ప్రాణమైన టీసీపీ-ఐపీని 1983 నాటికే కడుపులో పెట్టుకున్నది. పక్వతలో దానికి సాటి లేదు. 386 యంత్రం మీదికి అది వచ్చే సమయానికి, 1992లో, ఏటీ అండ్ టీ వారి యూనిక్సు సంస్థ దావా వేసింది. 1994 మొదట్లో రాజీ కుదిరింది. రాజీలో తేలిందేమిటయ్యా అంటే, సుమారు 18,000 ఫైళ్ళలో తీసెయ్యవలసినవి మూడు, కాపీరైటు ముక్క చేర్చవలసినవి 70! ఈ మూడు ఫైళ్ళ కోసం రెండేళ్ళు జనం భయపడి బీఎస్‌డీకి ఎడంగా నిలబడ్డారు. ఆ రెండేళ్ళలో లినక్సు పాకుడు మాని పరుగు నేర్చుకుంది. 386 మీద బీఎస్‌డీ ముందే దొరికి ఉంటే తాను లినక్సు మొదలుపెట్టేవాడిని కానేమోనని టోర్వాల్డ్సే 1993లో అన్నాడు. చట్టం ఒక సాంకేతిక విద్య తలరాతను ఇంత తేలిగ్గా మార్చడం నాకు నవ్వూ తెప్పిస్తుంది, కోపమూ తెప్పిస్తుంది.

ఇవాళ బీఎస్‌డీ సంతానం తాలు గింజలేమీ కావు. నెట్‌ఫ్లిక్సు సినిమాలు పంపే సర్వర్లలో ఫ్రీబీఎస్‌డీ ఉంది. సోనీ ప్లేస్టేషన్ 4 లోపలిదీ దాని బంధువే. మాక్ కంప్యూటర్ల కెర్నెలులో మాక్ మైక్రోకెర్నెలు ముక్కా, బీఎస్‌డీ ముక్కా కలిసి ఉన్నాయి. దూరాన ఉన్న సర్వరులోకి మనమంతా దూరే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు చేసి పెట్టిందే. అయితే ఒక తేడా. బీఎస్‌డీ లైసెన్సు "తీసుకుపో, తిరిగి ఇవ్వకపోయినా ఫరవాలేదు" అంటుంది. లినక్సు వాడే జీపీఎల్ "తీసుకుపో, మార్చి ఇంకొకరికిచ్చేటప్పుడు నీ మార్పుల సోర్సు కూడా ఇవ్వు" అంటుంది. మొదటిది దాతృత్వం, రెండోది చేబదులు. దాతృత్వం గొప్పదే, కాని ధాన్యం గాదెకు తిరిగి వచ్చేది చేబదుల్లోనే. ఆ లోటు ల్యాప్‌టాపుల మీద తెలుస్తుంది. గ్రాఫిక్సు డ్రైవర్ల కోసం ఫ్రీబీఎస్‌డీ లినక్సు కోడునే తెచ్చి మలుచుకోవలసి వస్తోంది. పక్కింటి బావి నీళ్ళు తాగడం తప్పు కాదు గాని, మన ఇంట్లో నుయ్యి ఎండిందన్న సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

మరి లినక్సు పండిందనడానికి కొలత ఏమిటి? తప్పులు లేకపోవడం మాత్రం కాదు. 2016లో బయటపడ్డ డర్టీ కౌ అనే లోపం 2007 నుంచీ అందులో నిక్షేపంగా కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళు వేల కళ్ళు చూసీ చూడలేదు! అందరూ చూడవచ్చు అన్నదానికీ, ఎవరో ఒకరు చూశారు అన్నదానికీ ఎంత దూరమో ఇది చెబుతుంది. నా మటుకు పక్వతంటే, తప్పు దొరికినప్పుడు ఎంత త్వరగా దిద్దుకోగలదు, పాత ప్రోగ్రామును కూల్చకుండా కొత్తదనాన్ని ఎలా కలుపుకోగలదు అన్నదే. కెర్నెలు మారినా దానిపైన నడిచే ప్రోగ్రాము ఆగిపోకూడదని లినక్సులో ఒక కట్టుబాటు ఉంది. దాన్ని మీరినవాళ్ళను టోర్వాల్డ్స్ ఘాటుగా తిట్టిన తిట్లు జగద్విదితం (ఆ నోటి దురుసుకు 2018లో ఆయనే క్షమాపణ చెప్పుకున్నాడు, అది వేరు). తొమ్మిది పది వారాలకొక వెర్షను, ఒక్కొక్క వెర్షనులో పది వేలకు పైబడిన మార్పులు. 2025 నాటికి సుమారు నాలుగు కోట్ల పంక్తులు, అందులో సగానికి పైగా డ్రైవర్లే. ఇంకొక కెర్నెలు ఎంత తెలివిగా ఉన్నా ఈ డ్రైవర్ల గాదెను ఎక్కడినుంచి తెస్తుంది? కొత్తగా పుట్టే ప్రతి కెర్నెలూ ఈ గోడకే తల కొట్టుకుంటుంది.

ఇలా అని మైక్రోకెర్నెళ్ళు ఓడిపోయాయనుకుంటే పరీక్ష పట్టికను తిరగరాసి మళ్ళీ బట్టీ పట్టినట్టే. అవి వేరే వీధిలో గెలిచాయి. యోకెన్ లీట్కె అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు 1990లలో ఎల్4 రాసి, మైక్రోకెర్నెలు నిదానంగా నడవాలన్న శాసనమేమీ లేదని రుజువు చేశాడు. ఆ వంశంలోని కెర్నెళ్ళు కోట్ల ఫోన్లలో మోడెము చిప్పుల మీద నడిచాయి. ఐఫోనులో వేలిముద్రనూ తాళంచెవులనూ కాచే ప్రత్యేక చిప్పు మీద నడిచేదీ ఆ వంశపుదే. పైకి మోనోలిథిక్, లోపల ఒక మూలన మైక్రోకెర్నెలు, రెండూ ఒకే పరికరంలో! ఆ వంశానికే చెందిన ఎస్‌ఈఎల్4 సంగతి మరీ విశేషం. ఆస్ట్రేలియాలో గెర్నాట్ హైజర్, గెర్విన్ క్లైన్ తదితరులు 2009లో సుమారు 8,700 పంక్తుల సీ కోడు తన నిర్దేశానికి తు.చ. తప్పకుండా నడుస్తుందని గణితంతో రుజువు కట్టారు. ఆ రుజువు రెండు లక్షల పంక్తులు. కోడు కన్న రుజువు ఇరవై రెట్లు పైనే! 2014లో దాన్ని ఓపెన్ సోర్సు చేశారు. నాలుగు కోట్ల పంక్తులకు ఇలాంటి రుజువు కట్టడం ఇప్పట్లో మానవమాత్రుల వల్ల కాదు. విమానం, గుండెకు తగిలించే పరికరం, బ్రేకులు వేసే చిప్పు వంటి చోట్ల రేపటి రాజ్యం ఇలాంటి చిన్న కెర్నెళ్ళదేనని నా నమ్మకం.

టానెన్‌బామ్ మినిక్సుకు పట్టిన గతి మాత్రం విచిత్రం. 2005లో మూడో మినిక్సును డ్రైవరు చచ్చినా తిరిగి లేచే పద్ధతిలో చక్కగా తీర్చారు. 2014 తరవాత పెద్ద విడుదల లేదు. కాని 2017లో బయటపడిందేమంటే, ఇంటెల్ తన చిప్పుల్లో మనకు కనపడకుండా దాచిన మేనేజ్‌మెంటు ఇంజనులో నడుపుతున్నది మినిక్సునే. ప్రొఫెసరుగారికి ఒక్క ముక్క చెప్పలేదు. లైసెన్సు ప్రకారం చెప్పనక్కరా లేదు. ఆయన బహిరంగ లేఖ రాసి, చెబితే మర్యాదగా ఉండేదన్నాడు.

కొత్త మొలకల గురించి క్లుప్తంగా. గూగుల్ వారి ఫ్యూషియా, అందులోని జిర్కాన్ కెర్నెలు 2016లో కనపడి, 2021లో ఇళ్ళలో పెట్టుకునే నెస్ట్ హబ్‌లోకి వచ్చింది. ఒకే కంపెనీ పెంచే మొక్కకు ఆ కంపెనీ మనసు మారిన నాడు నీళ్ళు ఆగిపోతాయి గనక నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. 2015లో మొదలైన రెడాక్సును రస్ట్ భాషలో రాస్తున్నారు. మెమరీ తప్పులను కంపైలరే పట్టేసే భాష అది. చిన్నదే అయినా నిజాయితీ ఉన్న ప్రయత్నం. అయితే 2022 డిసెంబరులో వెర్షను 6.1తో లినక్సే రస్ట్‌ను లోపలికి రానిచ్చింది. పోటీదారు బలాన్ని తన వంటింట్లోకి తెచ్చుకోవడం లినక్సుకు మొదటినుంచీ అలవాటే.

ఇంతకూ ఈ గొడవంతా మనకెందుకు? ఎందుకంటే 2024 అక్టోబరులో ఒక సంగతి జరిగింది. లినక్సు మెయింటైనర్ల జాబితాలోంచి రష్యాకు చెందిన కొందరి పేర్లు తీసేశారు, ఆంక్షల చట్టాలు కారణమని చెప్పారు. యుద్ధంలో న్యాయం ఎవరిదన్నది ఈ వ్యాసంలో తేలేది కాదు. నేననేదల్లా ఇది: లినక్సు కోడు లోకమందరిదీ, దాన్ని ఎవరూ లాక్కోలేరు, జీపీఎల్ ఆ హామీ ఇస్తుంది. కాని ఆ కోడులో ఏది కలపాలో తేల్చే బల్ల దగ్గర కుర్చీకి అలాంటి హామీ లేదు. కుర్చీ పోయిన రోజున సోర్సు కాపీ మిగులుతుంది. ఆ కాపీని పది వారాలకు పది వేల మార్పులతో పోటీగా నడిపించే మనుషులున్న దేశానికే అది ఆస్తి. లేనివాళ్ళకు అటకమీది తాళపత్రాల కట్టతో సమానం.

మన దేశంలో సీ-డాక్ వారు 2007లో బాస్ లినక్సు తెచ్చారు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకోగల లినక్సును తయారు చేసింది. ఈ పనిని చిన్నచూపు చూసేవాళ్ళతో నాకు తగాదా. అమ్మ భాషలో కంప్యూటరు తెరవడం చిన్న సంగతి కాదు. అయినా ఇవన్నీ పై అంతస్తు పనులు. పునాదిలోని కెర్నెలు బయటినుంచి వచ్చిందే. హైదరాబాదు, బెంగుళూరుల్లోని చిప్పు కంపెనీల ఆఫీసుల్లో కెర్నెలు పని చేసేవాళ్ళు లేకపోలేదు, బాగానే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది దాన్ని ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవాళ్ళే గాని కాలేజీలో నేర్చుకున్నవాళ్ళు కారు. కాలేజీలో నేర్పింది ఎడమ పక్క ఆరు పాయింట్లు, కుడి పక్క ఆరు పాయింట్లు. కెర్నెలును సొంతంగా కంపైల్ చేసి చూస్తాం సార్, రూటు పాస్‌వర్డు ఇప్పించండి అని ల్యాబులో అడిగితే, యంత్రం పాడైతే ఎవరు కడతారని కసిరిన సందర్భాలు నాకే తెలుసు. చదువుకునే యంత్రం పాడుకాకుండా చదువు వస్తుందా?

1976లో సిడ్నీలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఆరో యూనిక్సు సోర్సును, సుమారు తొమ్మిది వేల పంక్తులను, పూర్తిగా అచ్చు వేయించి, దాని మీద వ్యాఖ్యానం రాసి పిల్లలకు పాఠం చెప్పాడు. ఏడో యూనిక్సు లైసెన్సుతో ఏటీ అండ్ టీ క్లాసులో సోర్సు చెప్పడాన్ని నిషేధించింది. విద్యార్థులు ఊరుకోలేదు. ఫోటో కాపీకి ఫోటో కాపీ తీసుకుంటూ, అక్షరాలు అలుక్కుపోయిన ప్రతులను ఇరవై ఏళ్ళు దొంగచాటుగా చదివారు. 1996లో గాని పుస్తకం బాహాటంగా అచ్చు కాలేదు. ఆ నిషేధం వల్లనే టానెన్‌బామ్ మినిక్సు రాసుకోవలసి వచ్చింది. మినిక్సు చదివే హెల్సింకీ కుర్రవాడు లినక్సు రాశాడు. ఇవాళ మనకు ఆ నిషేధం లేదు, దొంగచాటు అవసరం లేదు, చదివేవాళ్ళే లేరు.

నాలుగు కోట్ల పంక్తులను చూసి గుండె జారనక్కరలేదు. అమెరికాలో ఎంఐటీ వారు లయన్స్ చెప్పిన ఆ పాత యూనిక్సు నమూనాతోనే 2006లో పాఠం కోసం ఎక్స్‌వీ6 అనే బుల్లి కెర్నెలు తయారు చేశారు. పది వేల పంక్తుల లోపు. 2019 నుంచి అది రిస్క్-ఫైవ్ ప్రాసెసరు పద్ధతికి మారింది. మన ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసరు కూడా రిస్క్-ఫైవ్ పద్ధతిదే. అంటే చిప్పు పాఠమూ, కెర్నెలు పాఠమూ ఒకే భాషలో చెప్పుకునే వీలు మనకు మొదటిసారి వచ్చింది. దాన్ని నడపడానికి రూటు పాస్‌వర్డు కూడా అక్కర్లేదు. క్యూఈఎంయూ అనే ఉచిత సాఫ్టువేరులో ఉత్తుత్తి యంత్రం లేపి, అందులో ఎంత పాడు చేసినా అసలు యంత్రానికి గీత పడదు. మన ల్యాబులోని ముసలి కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాక్టికల్స్‌లో సగం ప్రయోగాలు తీసేసి, వాటి స్థానంలో ఎక్స్‌వీ6కు ఒక కొత్త సిస్టమ్ కాలు చేర్చడం, షెడ్యూలరును మార్చడం, ఫైలు సిస్టములో ఒక లోపాన్ని వెతికి దిద్దడం - ఈ మూడు పెట్టమని కోరుతూ ఒక అర్జీ రాశాను. మూడో సంవత్సరం వాళ్ళు నలభై ఒక్కమంది సంతకాలు చేశారు. సిలబసు కమిటీ ముందుకు దాన్ని తీసుకుపోతామని సంఘం కార్యదర్శి మాట ఇచ్చారు. రెండో సంవత్సరం మిత్రుల సంతకాలకు కాగితం రీడింగు రూములో ఉంది.